అడుగుల లెక్కన అమ్మిన పుస్తకాలు

పోయినవాటి లెక్క ముందు చెప్తాను. పుస్తకాల దుకాణం ఒకటి, ముప్పై ఎనిమిదేళ్లది. అందులో చెక్క అలమారలు పద్నాలుగు. ఫ్యాన్లు మూడు, ఒకటి నేను చేరిన రోజు నుంచీ తిరగలేదు కాబట్టి రెండే అనుకోవచ్చు. వెనక గదిలో కూర్చుని చదువుకునే పొడుగు బల్ల ఒకటి. పుస్తకాలు పన్నెండు వేల పైచిలుకు. ఉద్యోగాలు రెండు, నాదీ బైండరుదీ. దుకాణం యజమాని సేట్‌కు కొన్నాళ్ల నిద్ర. ఎంత పోయిందో ఆయన చెప్పలేదు. దారాలు ఇరవై ఏడు.

దారాలు తప్ప మిగతావన్నీ తెలిసి పోగొట్టుకున్నవి. దుకాణం ఎత్తేస్తున్నామని బోర్డు పెట్టి, ధర తగ్గించి, రశీదు రాసి ఇచ్చినవి. దారాలకు రశీదు లేదు.

నేను మెదక్‌లో ఆ దుకాణం గల్లా మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. పెళ్లై చేగుంట నుంచి వచ్చినప్పుడు నాది పదో తరగతి, అదీ లెక్కల్లో తప్పిన పదో తరగతి. కమీషన్లు, శాతాలు, వెనక్కి పంపే పుస్తకాల తరుగు, ఇవన్నీ పాత కేటలాగుల వెనక అట్టల మీద పెన్సిలుతో చేసి చేసి నేర్చుకున్నాను. సేట్ నా కూడిక ఒక్కటి కూడా తిరిగి చూడలేదు. అది నమ్మకమా, బద్ధకమా అని ఒకసారి అడిగాను. "రెండూ బేటీ" అన్నారు.

దుకాణంలో మేము ముగ్గురమే. సేట్, నేను, బైండరు. బైండరు నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. అట్టలు ఊడిన పుస్తకాలకు బట్ట వేసి కుట్టడం ఆయన పని. ఆ కుట్టు దారంతోనే మా దుకాణంలో ఒక పద్ధతి పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు.

వెనక గది బల్ల మీద ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. కొనాలన్న నియమం లేదు. లేచేటప్పుడు బైండరును అడిగితే కుట్టగా మిగిలిన దారం ముక్క ఇస్తాడు. ఆపిన పేజీలో దాన్ని పెట్టి, పుస్తకాన్ని గోడవార అరలో నిలబెట్టి వెళ్లాలి. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. రంగులు చాలకపోతే ముడులు. మళ్లీ వచ్చినప్పుడు ఎవరి దారం వాళ్లు పట్టుకుని కూర్చుంటారు. దారం ఉన్న పుస్తకాన్ని ఎవరు ఎంత ఇస్తానన్నా అమ్మకూడదు. "దారం పడ్డంక అది మనది కాదు, అమానత్" అనేవారు సేట్. నమ్మి ఒకరు మన దగ్గర ఉంచిన సొమ్ము అని. సరుకు లెక్కలో ఆ అరకు నేను సున్నా వేసేదాన్ని.

ఈ పద్ధతి వల్ల ఒక సంగతి జరిగింది. అప్పట్లో మాకు అది తట్టలేదు. అక్కడ చదివేవాళ్లలో చాలామందికి తాము చదువుతున్న పుస్తకం పేరు తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు. నీలం దారం, ఎడమ నుంచి నాలుగోది, అంతే.

దుకాణం ఎందుకు మూసామని ఇప్పటికీ అడుగుతుంటారు. బడులే పుస్తకాలు అమ్ముకుంటున్నాయి, గైడ్లు ఫోన్‌లోకి పోయాయి, ఇంటి యజమాని కిరాయి పెంచాడు, సేట్ మోకాళ్లు మెట్లు ఎక్కనియ్యలేదు. నాలుగూ నిజమే. ఏ ఒక్కటి లేకపోయినా ఇంకో రెండేళ్లు లాగేవాళ్లమని నేను లెక్క వేసి చూపించాను. "నాలుగూ ఉన్నయి గద బేటీ" అన్నారు సేట్.

పోయిన ఎండాకాలం బోర్డు పెట్టాం. సగం ధర అని.

నేను బేజారయింది ఆ మొదటి రోజే. మనుషులు రారని భయపడ్డాం. వచ్చినవాళ్లను చూసి భయపడ్డాం. షట్టరు ఎత్తకముందే వరుస కట్టారు. పంతొమ్మిదేళ్లలో నేను చూడని మొహాలు. ఒకావిడ రెండు చేతులా పిల్లల బొమ్మల పుస్తకాలు పట్టుకుని గల్లా దగ్గరికి వచ్చి, "అయ్యో, గింత పెద్ద దుకాణం ఉన్నదని మాకు తెల్వనే తెల్వదు గదక్కా! ముందుగాల చెప్పకపోయిండ్రు" అంది.

"ఏడుంటరమ్మా మీరు?"

"గీ వెనక సందులనే."

ఒక పెద్దమనిషి సగం ధరలో మళ్లీ సగం అడిగాడు. ఇవ్వనంటే, "మూసేటోళ్లకు గింత మొండితనమెందుకు" అన్నాడు. బైండరు కుట్టుసూది నోట్లోంచి తీసి, "మూసేటోళ్లకే ఉంటదన్నా, నడిపేటోళ్లకు యాడికెళ్లొస్తది" అన్నాడు. ఆ పెద్దమనిషి నవ్వి పూర్తి సగం ధర కట్టాడు. అలా నాలుగు రోజులు నడిచింది. రోజూ నా గల్లా నిండింది. నోట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఈ మనుషులంతా ఇన్నేళ్లూ ఇదే ఊళ్లో ఉన్నారు కదా అని.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక యువకుడు వచ్చాడు. నడుముకు కొలత టేపు తగిలించుకున్నాడు. నర్సాపూర్ అవతల అడవి పక్కన కొత్తగా కడుతున్న రిసార్టుకు లోపలి అలంకరణ పని తనదని చెప్పాడు.

"మేడం, ఫుట్ ఎంత పడ్తది?"

నాకు అర్థం కాలేదు. "ఏ పుస్తకం కావాలె?"

"ఏదైనా పర్వాలేదు. బ్రౌన్ కలర్, పాతగ కనపడాలె. నలభై అడుగులు కావాలె."

పుస్తకాన్ని నేను ధరతో లెక్కగట్టాను, పేజీలతో లెక్కగట్టాను, పాత కాగితాల రద్దీకి పంపేటప్పుడు బరువుతో కూడా లెక్కగట్టాను. అడుగులతో లెక్కగట్టడం అదే మొదలు. సేట్ వైపు చూశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇంటి యజమానితో ఫోన్‌లో తాళాల గురించి వాదిస్తున్నారు. చెయ్యి ఊపారు, కానియ్యమన్నట్టు. కానిచ్చాను.

అతను ఏరుకుంటూ ఏరుకుంటూ వెనక గదిలోకి వెళ్లి, దారాల అర మొత్తం చేతుల మీద మోసుకొచ్చాడు. బైండరు బట్ట వేసిన పుస్తకాలు కాబట్టి అన్నీ గోధుమ రంగులో ఒకేలా ఉంటాయి. అతనికి కావలసింది అదే.

"ఇవి అమ్మేవి కావు" అన్నాను.

"క్లోజింగ్ సేల్‌ల అమ్మనివి కూడ ఉంటయా మేడం?"

"దారం ఉన్నది చూడుండ్రి. దారం ఉంటే బిల్లు చెయ్యం."

అతను సేట్ దగ్గరికి వెళ్లి, మేడం బిల్లు చెయ్యనంటుంది అన్నాడు. ఏ పుస్తకాలో చెప్పలేదు. సేట్ ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యకుండానే విసుగ్గా అరిచారు. "అన్నీ ఇచ్చెయ్యుండ్రి! ఒక్కటి మిగలొద్దు గీడ!"

ఇక్కడ జరిగింది ఇప్పుడు గల్లాల మీద కూర్చుంటున్న పిల్లలకు చెప్పాలి. మేము ముగ్గురం పద్ధతి తప్పలేదు. దారం ఉంటే బిల్లు చెయ్యకూడదు, నేను చెయ్యలేదు. సేట్ మాట దాటకూడదు, బైండరు దాటలేదు. రెండూ ఒకేసారి నిలబడాలంటే దారి ఒక్కటే. బైండరు స్టూలు లాక్కుని కూర్చుని, ఇరవై ఏడు పుస్తకాల్లోంచి ఒక్కొక్క దారమూ జాగ్రత్తగా, పేజీ చిరగకుండా తీశాడు. తీసినవి కింద పడేశాడు. దారం లేని పుస్తకం బిల్లుకు వస్తుంది. నేను టేపు పట్టి కొలిచాను. రెండడుగుల మూడంగుళాలు వచ్చాయి. బిల్లు చేశాను. తన ఇంటికి చేర్చడానికి ఆ అరను మేము ముందే పక్కన పెట్టేశామని సేట్ అనుకున్నారని మాకు తెలియదు. అమ్మమని ఆయనే తేల్చుకున్నారని మేమనుకున్నాం.

సాయంత్రం నేను ఊడుస్తున్నాను. చీపురు ముందు ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ దారాలు కుప్పగా చేరాయి. సేట్ కర్ర ఆనించుకుని వచ్చి ఆ కుప్పను చూశారు.

"ఇవెక్కడియి?"

నేను చీపురు గోడకు ఆనించాను.

"బేటీ, ఇవెక్కడియి అంటున్న."

"మీరే ఇచ్చెయ్యమంటిరి గద సేట్" అన్నాడు బైండరు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకూ తెలిసిపోయింది. సేట్ నేల మీదికి వంగబోయారు. మోకాలు వంగలేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నేను దారాలన్నీ ఏరి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన గుప్పిట మూయలేదు. అలాగే చాచి, ఖాళీ అర వైపు చూస్తూ నిలబడ్డారు. పంతొమ్మిదేళ్లలో ఆయన మమ్మల్ని తిట్టని రోజు లేదు. ఆ రోజు తిట్టలేదు. నాకు ఇప్పటికీ భయం వేసేది ఆ తిట్టకపోవడమే.

ఆ ఇరవై ఏడులో చాలా వాటి తాలూకు మనుషులు ఏళ్ల తరబడి రావడం లేదు. కొందరు వచ్చారు. పోనియ్యుండ్రి అన్నారు. ఒకాయన, "నేను చదువుతున్నననే మర్చిపోయిన, గుర్తు చేసి బాధ పెడ్తరెందుకు" అన్నాడు. నిజంగా దెబ్బ తగిలింది ఒక్కరికి.

ఆమె పెద్ద దవాఖానలో ఆయమ్మ. మధ్యాహ్నం అన్నం వేళలో సగం డబ్బాకి, సగం మా బల్లకి. రోజుకు మూడు నాలుగు పేజీలు చదివేది, వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ. రెండు ముడుల పసుపు దారం ఆమెది. ఆ నవల కథ దుకాణంలో మాకందరికీ తెలుసు, ఎందుకంటే లేచేటప్పుడు గల్లా దగ్గర ఆగి ఆ రోజు ఎంతదాకా వచ్చిందో చెప్పి వెళ్లేది. ఒక ఇంటి పెద్దకోడలు తమ బావికి తాళం వేస్తుంది. ఎందుకు వేసిందో ఎవరికీ చెప్పదు. ఊరంతా అడుగుతుంది, మొగుడు అడుగుతాడు, చెప్పదు. నూటముప్పై పేజీలు దాటినా చెప్పదు.

ఆయమ్మకూ ఆమె పెనిమిటికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. ఆయన లారీ మెకానిక్. ఆమెను అడగకుండా పాలిచ్చే బర్రెను అమ్మేశాడు. ఆ రోజు నుంచి ఆమె మాట్లాడ్డం మానేసింది, ఆయన అడగడం మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ. ఒకనాడు ఆమె గడపలో కూర్చుని పక్కింటావిడకు బావి కథ చెప్తుంటే లోపల నుంచి ఆయన విన్నాడట. మరుసటి రోజు అన్నం పళ్లెం ముందు కూర్చుని, గోడ వైపు చూస్తూ అడిగాడట, తర్వాతేమైంది అని. ఆమె పప్పు గిన్నె వైపు చూస్తూ చెప్పిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో మాట అంటే కథ ఒక్కటే. "ఉప్పు తక్కువైందని కూడ అనడక్కా. తర్వాతేమైంది, గంతే" అని నాకు చెప్పి నవ్వేది.

అమ్మకం అయిన మర్నాడు ఆమె వచ్చింది. వెనక గదిలోకి వెళ్లి వెంటనే బయటికి వచ్చింది.

"అక్కా, నా పసుపు దారం కనవడ్తలేదు."

చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె వింటూ వింటూ చేతిలో డబ్బా గల్లా మీద పెట్టింది.

"పేరేందో చెప్పక్కా, వేరేది కొంట. పైసలిచ్చే కొంట."

పేరు నాకూ తెలియదు. బైండరుకూ తెలియదు. ఆ పుస్తకం మా దగ్గరికి వచ్చినప్పటికే అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. పదిహేడో పేజీ నుంచి కుట్టి బట్ట వేశాడు. పేజీల తలల మీద అంకె తప్ప పేరు అచ్చు వెయ్యలేదు. పంతొమ్మిదేళ్లు సరుకు లెక్క రాసినదాన్ని, అమ్మిన పుస్తకం పేరు చెప్పలేక నిలబడ్డాను.

"నిన్న ఏం చెప్పిన్నో తెలుసా అక్కా ఆయనకు?" అంది ఆమె. "రేపు తాళం తీస్తదేమో అని చెప్పిన."

మరుసటి రోజు షట్టరు దించి ముగ్గురం నర్సాపూర్ బస్సు ఎక్కాం. మోకాళ్లతో వద్దంటే సేట్ వినలేదు. కండక్టరు సీనియర్ సిటిజన్ సీటు చూపిస్తే, "నేను దొంగ సొత్తు తేనీకి పోతున్న, నాకు సీటెందుకు" అన్నారు. బస్సులో నవ్వారు. మేం నవ్వలేదు. నర్సాపూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం.

రిసార్టులో కాఫీ తాగే గది ఒకటి. గోడ మొత్తం పుస్తకాలు. దూరం నుంచి చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అలమారల్లో ఉన్నాయి, బాగానే ఉన్నాయి అనుకున్నాను. దగ్గరికి వెళ్లి ఒకటి లాగాను. రాలేదు. ఇంకోటి లాగాను. రాలేదు. బంక పోసి అన్నింటినీ ఒకదానికొకటి, వెనక చెక్కకు అతికించేశారు. కొన్ని తలకిందులుగా ఉన్నాయి. మూడింటికి నడిమధ్యన రంధ్రం చేసి, అందులోంచి వైరు తెచ్చి చిన్న బల్బు పెట్టారు.

సేట్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అక్కడున్న మేనేజరు కుర్రవాడిని అడిగారు. "ఇవి ఎవరన్న చదువుతరా బాబూ?"

"చదవరు అంకుల్. ఫోటోలు దిగుతరు."

బైండరు గోడ వెంట నడిచాడు. తన కుట్టు తనకు తెలుసు. మూలలకు ఆకుపచ్చ గుడ్డ ముక్క వేసిన ఆయమ్మ పుస్తకాన్ని కింది వరసలో పట్టుకున్నాడు. మేనేజరుకు సేట్ సంగతంతా చెప్పారు, బర్రెతో సహా. కుర్రవాడు తల గోక్కున్నాడు. "ఒక్కటే అయితే తీస్కోండ్రి అంకుల్. కానీ గోడ చెడిపోవద్దు."

బైండరు అట్టలు వేరుచేసే సన్నకత్తి దూర్చి, ఊపిరి బిగబట్టి, అటూ ఇటూ కదిలిస్తూ లాగాడు. చప్పుడుతో వచ్చింది. వచ్చింది ముందు భాగమే. వెనక అట్టతో పాటు చివరి భాగం చెక్కకే ఉండిపోయింది. తడి గుడ్డ పెట్టి చూశాడు. గోరుతో చూశాడు. బంక లోపలిదాకా ఇంకి ఆ కాగితాలన్నీ ఒక్క పలకలా గట్టిపడ్డాయి. పైపొర ముద్దయి వేలికి అంటింది, దాని మీద తిరగబడిన అక్షరాలు నాలుగు.

"సగముంది గద, బయటికి కనవడదు. బ్రౌన్ పేపర్ పెట్టేస్త" అన్నాడు మేనేజరు, మమ్మల్ని ఓదారుస్తున్నట్టే. నేను వెనక్కి జరిగి చూశాను. నిజమే, గోడలో ఏ తేడా లేదు. లోపల కథ ఉన్నా లేకపోయినా ఆ గోడ అంతే. అక్కడి కాఫీ కుర్చీలో అడగకుండానే కూర్చున్నాను.

తిరుగు బస్సులో బైండరు ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని వెన్ను తడిమాడు. పుస్తకాన్ని పదహారేసి పేజీల మడతలుగా కుడతారు. మడతకు ఒక కుట్టు. వెన్నుకు ఖాళీ కుట్లు వేలాడుతున్నాయి. "ఐదు పోయినయి చెల్లె" అన్నాడు. మిగిలిన కుట్టు రెండొందల ఇరవై నాలుగో పేజీ దగ్గర ఆగింది.

ఆయమ్మకు పుస్తకం ఇచ్చేశాం, ఇంటికే తీసుకుపొమ్మని. ఎక్కడిదాకా ఉందో ముందే చెప్పాం. రోజుకు మూడు నాలుగు పేజీల లెక్కన ఆమె దాన్ని నెల రోజులు సాగదీసింది. ఆలోపు మా దుకాణం తాళాలు ఇంటి యజమానికి ఇచ్చేశాం.

ఆ తర్వాత ఒక పొద్దున మా ఇంటి ముందు బైకు ఆగింది. దిగినాయనను నేను ఎప్పుడూ చూడలేదు. చేతులకు గ్రీసు. వెనకనే ఆయమ్మ దిగింది.

"లెక్కల అక్కవు నువ్వేనా?" అన్నాడాయన.

"నేనే అన్నా."

"ఏం పద్ధతక్కా ఇది? ఆమె తాళం తీసింది. మూత లేపింది. వంగి చూసి, అని ఉన్నది. వంగి చూసి ఏమైంది? గాడ ఆపుతరా ఎవరన్న?"

"మేం ఆపలేదన్నా—"

"నర్సాపూర్ పోయొచ్చిన నేను. గోడ చూసిన. పానా తీస్కపోయిన, ఊడదీద్దామని. వాచ్‌మన్ రానియ్యలే."

"పానాతోని పుస్తకం ఊడదీస్తడట" అంది ఆయమ్మ వెనక నుంచి, నాతో కాదు, ఆయనతో. "పెద్ద మొనగాడు. ఆ బాయిల బంగారముంటది, ఇంకేముంటది అని పొద్దటి సంది ఒకటే లొల్లి. బంగారముంటే తాళమేస్తదా? పూడ్సుకుంటది గని."

"మరేముంటది? చెప్పు, నువ్వే చెప్పు."

"ఏముండది. నీళ్లుంటయి. ఆమె నీళ్లు, ఆమె ఇష్టం. అడగకుండ ఎవడు తోడొద్దని."

ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు. బర్రె గురించి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. తాగి చెంబు నా చేతికిస్తూ ఆయన మళ్లీ నా మీదికే వచ్చాడు.

"ఇంకెన్ని పేజీలుండె అక్కా? కరెక్టు చెప్పు."

బైండరు చెప్పింది చెప్పాను. ఐదు మడతలు, పదహారేసి. చివర్న ఒకటి రెండు ఖాళీ పేజీలు ఉండి ఉండవచ్చు, అవి తీసేసే అధికారం నాకు లేదు కాబట్టి తియ్యలేదు.

"మీ దుకాణం మాకు బాకీ పడ్డది మరి" అన్నాడు.

"పడ్డది అన్నా."

ఈ మాట సేట్‌కు ఫోన్‌లో చెప్తే, "రాసుకో బేటీ" అన్నారు. పాత పుస్తకాలు ఎక్కడ అమ్ముతున్నా నేను, బైండరు ఆగి చూస్తున్నాం. బావికి తాళం వేసిన కోడలు కథ తెలుసా అని అడుగుతున్నాం. ఇంతవరకు తెలిసినవాళ్లు దొరకలేదు. నర్సాపూర్‌కు వెళ్లినవాళ్లు ఆ గోడ ముందు దిగిన ఫోటోలు నా ఫోన్‌కు వస్తూనే ఉన్నాయి. కింది వరస పెద్దది చేసి చూస్తాను. బ్రౌన్ పేపర్ బాగా అతికించాడు. ఎక్కడుందో నాకే తెలియడం లేదు.

మొన్న కూరగాయల మార్కెట్లో వాళ్లిద్దరూ ఎదురయ్యారు. బైకు మీద ఆయమ్మ ఒళ్లో వంకాయల సంచి. ఆయన బండి ఆపకుండానే, నమస్తే కూడా అనకుండా, నా వైపు వేలు చూపించి గట్టిగా అడిగాడు.

"ఎన్ని, అక్కా?"

మార్కెట్లో పదిమంది తిరిగి చూశారు. నేనూ అంతే గట్టిగా చెప్పాను.

"ఎనభై."